మిత్రుని వదలి సాగిన పాట – పింక్ ఫ్లాయిడ్ రెండవ రికార్డు : ఒక పరిశీలన

ఉపోద్ఘాతము

కవిత్రయమును గూర్చి పాఠము చెప్పే రోజున మా తరగతిలో ప్రతి సంవత్సరము ఒకే ప్రశ్న వస్తుంది. నన్నయ అరణ్యపర్వము నడుమ ఆగిపోయిన తరువాత మిగిలిన భాగమును ఎఱ్ఱన ఎవరి గొంతుతో వ్రాశాడు? తన గొంతుతోనా, నన్నయ గొంతుతోనా? నన్నయ శైలితో మొదలుపెట్టి, మెల్లమెల్లగా తిక్కన శైలి వైపు నడిచి, అతుకు కనబడనీయకుండా రెండు ఒడ్డులను కలిపినాడని విమర్శకులు చెప్పిన సమాధానమునే మేమును చెబుతుంటాము. ఈ సంవత్సరము ఆ సమాధానము విన్న ఒక విద్యార్థి లేచి, “సార్, మొదటివాడు చనిపోలేదు, ఎదురుగానే ఉన్నాడు, కాని వ్రాయలేకపోతున్నాడు. అప్పుడు మిగిలినవారు ఏమి చేయాలి?” అని అడిగినాడు. అంతలో గంట మ్రోగినది. గంట మ్రోగినందుకు లోలోపల సంతోషించితిమని ఒప్పుకొనక తప్పదు.

ఆ ప్రశ్నకు తగిన ఉదాహరణము కొరకు వెదికినప్పుడు మాకు జ్ఞాపకము వచ్చినది కావ్యము కాదు, ఒక సంగీతపు రికార్డు. విశ్వవిద్యాలయములో ఎం.ఏ. చదివే దినములలో హాస్టలు మిత్రుడొకడు రాత్రివేళ వినిపించిన ఆంగ్ల వాద్యబృందము పింక్ ఫ్లాయిడ్ వారిది. దాని పేరు ‘ఎ సాసర్‌ఫుల్ ఆఫ్ సీక్రెట్స్’. 1968లో వెలువడినది.

తెలుగు విభాగము వారి పుటలలో రాక్ సంగీతమును గూర్చి వ్యాసమేమిటని కమిటీ పెద్దలు అనుకొనవచ్చును. మా మనవి ఇంతే. శైలి ఎట్లు పుడుతుంది, ఎట్లు మారుతుంది, ఒకరి శైలి పలువురి శైలిగా ఎట్లు పరిణమిస్తుంది అనునవి సాహిత్య విద్యార్థికి నిత్యము ఎదురయ్యే విషయములు. వీటికి ఈ రికార్డు వంటి స్పష్టమైన నిదర్శనము అరుదు. పైగా అందులో సంగీతముతోపాటు ఒక స్నేహ ధర్మ ప్రశ్న కూడా ఉన్నది. అందుచేత దీనిని పాఠముగానే చదువవలెనని విద్యార్థులను కోరుతున్నాము.

బృందము పుట్టుక

1962లో లండను రీజెంట్ స్ట్రీట్ పాలిటెక్నిక్‌లో భవన నిర్మాణ శాస్త్రము చదువుతూ ముగ్గురు యువకులు కలుసుకున్నారు. వారు రోజర్ వాటర్స్, నిక్ మేసన్, రిచర్డ్ రైట్. వాటర్స్ బేస్ గిటారు, మేసన్ డ్రమ్ములు, రైట్ ఆర్గన్, పియానో వంటి మీటల వాద్యములు పట్టినారు. తరువాత కేంబ్రిడ్జి పట్టణము నుండి చిత్రకళ చదువుటకు లండను వచ్చిన రోజర్ కీత్ బారెట్ వారితో చేరినాడు. మిత్రులందరు అతనిని ‘సిడ్’ అనేవారు. ఉర్దూ విభాగపు మా మిత్రులు దీనిని ‘తఖల్లుస్’ వంటిదని అనుకొనవచ్చును. అసలు పేరు మరుగుపడి ఆ పేరే నిలిచినది. బృందమునకు పేరు పెట్టినవాడు కూడా అతడే. పింక్ ఆండర్సన్, ఫ్లాయిడ్ కౌన్సిల్ అను ఇద్దరు అమెరికా నల్లజాతి బ్లూస్ గాయకుల పేర్ల నుండి ఒక్కొక్క మాట తీసి జోడించినాడు.

1967 మార్చిలో వారి మొదటి చిన్న రికార్డు ‘ఆర్నాల్డ్ లేన్’ వచ్చినది. జూన్‌లో వచ్చిన ‘సీ ఎమిలీ ప్లే’ బ్రిటన్ అమ్మకాల పట్టికలో 6వ స్థానమునకు చేరినది. రెండు పాటలను వ్రాసినవాడు బారెట్. అప్పటికి అతనికి 21 సంవత్సరములు.

మొదటి రికార్డు స్వరూపము

రెండవ రికార్డులో ఏమి మారినదో తెలియవలెనంటే మొదటిదానిని కొంత తెలుసుకొనవలెను. ‘ది పైపర్ ఎట్ ది గేట్స్ ఆఫ్ డాన్’ అను ఆ రికార్డు 1967 ఆగస్టులో విడుదలైనది. కెనెత్ గ్రాహమ్ 1908లో పిల్లల కొరకు వ్రాసిన ‘ది విండ్ ఇన్ ది విల్లోస్’ అను గ్రంథములోని ఏడవ అధ్యాయపు శీర్షిక ఇది. లండనులోని ఇ.ఎమ్.ఐ. వారి ఆబీ రోడ్డు స్టూడియోలో దీనిని తయారుచేశారు. అదే కాలమున అదే భవనములో బీటిల్స్ బృందము తమ ‘సార్జంట్ పెప్పర్’ రికార్డును పూర్తిచేస్తూ ఉన్నది. పింక్ ఫ్లాయిడ్ వారికి నిర్మాతగా ఉన్న నార్మన్ స్మిత్ అంతకుముందు బీటిల్స్ రికార్డులకు ధ్వని ఇంజనీరుగా పనిచేసినవాడు.

ఆ రికార్డులోని 11 పాటలలో 8 పాటలు బారెట్ ఒక్కడే వ్రాసినవి. పిల్లి, మరుగుజ్జు దేవత, పొలములోని దిష్టిబొమ్మ, సైకిలు, అమ్మ చెప్పే కథ, నక్షత్రములు, ఇవి ఆ పాటలలోని వస్తువులు. బాల్యమును విడువలేని ఒక మనస్సు ఆకాశమువైపు చూస్తూ పాడినట్లుండును. మాటలు ముందు పోతాయి, వాద్యములు వెనుక వస్తాయి. పాట చిన్నది, మలుపులు పెక్కు, తాళము ఎక్కడ విరుగునో ముందుగా ఊహింపలేము. ‘ఇంటర్‌స్టెల్లార్ ఓవర్‌డ్రైవ్’ అను దాదాపు 10 నిమిషముల వాద్యఖండము ఒక్కటి మాత్రము ఈ పద్ధతికి వెలియై, రాబోవు కాలమును సూచిస్తున్నది. సారాంశము చెప్పవలెనంటే మొదటి రికార్డు ఒక కవి రికార్డు. మిగిలిన ముగ్గురు ఆ కవికి తోడు పట్టినవారు.

సంకటము

1967 శరత్కాలమునకు బారెట్ ఆరోగ్యము చెదిరినది. ఆ రోజులలో లండను యువకులలో వ్యాపించిన ఎల్.ఎస్.డి. అను మత్తు పదార్థమును అతడు అమితముగా వాడినాడు. ఆకస్మికముగా వచ్చిన కీర్తి, ఊరూర కచేరీల అలసట దానికి తోడైనవి. వేదికపై నిలబడి ఒక్క తీగనే మీటుచు ఉండిపోవుట, మాట్లాడించినా పలుకకుండుట వంటి సంఘటనలు జరిగినవి. నవంబరులో చేసిన అమెరికా పర్యటనను నడుమనే ముగించుకొని రావలసి వచ్చినది. అతని జబ్బు ఇదియని పేరు పెట్టుటకు మేము వైద్యులము కాము. కాని ఒక్క మాట విద్యార్థులకు చెప్పవలసి ఉన్నది. మత్తు ప్రతిభను పెంచునను భ్రమ ఆ తరమునకు ఉండెను. బారెట్ జీవితమే ఆ భ్రమకు జవాబు. అతని మంచి పాటలలో అధిక భాగము అతడు చెదరుటకు ముందు వ్రాసినవి.

మిగిలిన ముగ్గురు మొదట ఒక మధ్యేమార్గము వెదికినారు. బారెట్‌కు కేంబ్రిడ్జిలో చిన్ననాటి స్నేహితుడు, అతనితో కలిసి గిటారు సాధన చేసినవాడు డేవిడ్ గిల్మోర్. అతనిని అయిదవ సభ్యునిగా తెచ్చుకున్నారు. వేదికపై గిల్మోర్ వాయించునని, బారెట్ ఇంటివద్దనే ఉండి పాటలు వ్రాయునని తలచినారు. 1968 జనవరిలో కొద్ది కచేరీలు అయిదుగురు కలిసి చేశారు. ఆ దినములలో బారెట్ ఒక క్రొత్త పాట నేర్పబోయి, వారు పట్టుకొనునంతలో ప్రతిసారి వరుస మార్చివేసేవాడని సహచరులు తరువాత చెప్పుకున్నారు. వారు ఎంతసేపు ప్రయత్నించినా ఆ పాట వారికి అందలేదు.

1968 జనవరి 26న సౌతాంప్టన్‌లో కచేరీ ఉన్నది. బండిలో పోవుచుండగా బారెట్‌ను ఎక్కించుకొందుమా అని ఒకరు అడిగినారు. అక్కరలేదని మరియొకరు అన్నారు. బండి ఆగలేదు. పెద్ద తగవు జరుగలేదు, లేఖ వ్రాయలేదు, ఎవరును వెళ్ళి అతనితో మాట్లాడలేదు. ఏప్రిల్ 6న అతడు బృందమును విడిచినట్లు ప్రకటన వచ్చినది. బృందమునకు మొదటినుండి వ్యవహారములు చూచిన పీటర్ జెన్నర్, ఆండ్రూ కింగ్ ఇద్దరు కూడా బారెట్ పక్షమునకే పోయినారు. కవి లేని బృందమునకు భవిష్యత్తు లేదని వారి నమ్మకము.

ఈ రెండు తేదీల నడుమనే, ముందు వెనుకల కొన్ని నెలలు కలుపుకొని, రెండవ రికార్డు తయారైనది. అందుచేత దానిలో అయిదుగురి చేతులు కనబడుతాయి. కొన్ని పాటలు 1967 ఆగస్టు, అక్టోబరు నెలలలో బారెట్ ఉన్నప్పటివి. కొన్ని 1968లో గిల్మోర్ చేరిన తరువాతివి.

రెండవ రికార్డు : ఏడు గీతములు

1968 జూన్ 28న విడుదలైన ఈ రికార్డులో 7 గీతములు మాత్రమే ఉన్నవి. మొత్తము నిడివి సుమారు 39 నిమిషములు. బ్రిటన్ పట్టికలో ఇది 9వ స్థానమునకు వచ్చినది. మరునాడు, అనగా జూన్ 29న, లండను హైడ్ పార్కులో జరిగిన ఉచిత కచేరీలో వారు వాయించినారు.

మొదటి గీతము ‘లెట్ దేర్ బి మోర్ లైట్’ వాటర్స్ రచన. మొదట బేస్ గిటారు ఒంటరిగా పరుగెత్తుకొని వస్తుంది. తరువాత మిగిలినవి చేరుతాయి. చివర గిల్మోర్ గిటారు మొదటిసారి సుదీర్ఘముగా పలుకుతుంది. బారెట్ గిటారు విరిగిన అద్దము వంటిది, ముక్కముక్కలుగా మెరుస్తుంది. గిల్మోర్ గిటారు లాగిన పట్టుదారము వంటిది. ఈ భేదము చెవికి తెలిసిన క్షణమే బృందము మారినదని అర్థమగును.

‘రిమెంబర్ ఎ డే’, ‘సీ-సా’ అను రెండు రైట్ రచనలు. రెండును బాల్యమును తలచుకొనునవే. మొదటిదానిలో బారెట్ వాయించిన గిటారు ఉన్నది. దానికి కావలసిన డ్రమ్ముల నడక మేసన్‌కు పట్టుబడక, నిర్మాత నార్మన్ స్మిత్ తానే కూర్చొని వాయించినాడు. రెండవదానిని గూర్చి స్టూడియో కాగితములపై, మేము విన్న పాటలలో మిక్కిలి విసుగు పుట్టించునది అను అర్థము వచ్చే పరిహాసపు పేరు వ్రాసుకొన్నారు. తమ లోపము తమకు తెలియుట మంచి లక్షణము.

‘కార్పోరల్ క్లెగ్’ యుద్ధములో కాలు పోగొట్టుకొని కొయ్యకాలితో తిరిగివచ్చిన సిపాయిపై వ్యంగ్యగీతము. వాటర్స్ తండ్రి 1944లో ఇటలీలోని ఆంజియో యుద్ధరంగమున మరణించినాడు. అప్పటికి వాటర్స్ అయిదు నెలల శిశువు. తరువాత 1979లో ‘ది వాల్’ వంటి రచనలలో ప్రధానమైన యుద్ధవేదన మొదట తలయెత్తినది ఈ పరిహాసపు పాటలోనే. కాని దీని పోకడ మాత్రము బారెట్‌కు అనుకరణ. నవ్వించు పద్ధతి అతనిది, దుఃఖము వాటర్స్‌ది. రెండును పొసగలేదు.

ఇక ‘సెట్ ది కంట్రోల్స్ ఫర్ ది హార్ట్ ఆఫ్ ది సన్’. అయిదుగురు సభ్యుల వాద్యమును విన్పించు గీతము ఇది ఒక్కటే. రచన వాటర్స్‌ది. కాని సాహిత్యములో చాల పంక్తులకు మూలము చీనా దేశపు తాంగ్ కాలపు కవిత్వము. లి షాంగిన్, లి హ మొదలైన తొమ్మిదవ శతాబ్ది కవులను ఎ.సి. గ్రాహమ్ అను పండితుడు ఇంగ్లీషు చేసి 1965లో ప్రకటించినాడు. చిన్న ధరకు దొరికే ఆ పుస్తకము నుండి వాటర్స్ మాటలు ఏరుకున్నాడు. వేయి సంవత్సరముల క్రిందటి చీనా కవి భావము అనువాదకుని చేతిగుండా లండను కుఱ్ఱవాని పాటలోనికి వచ్చినదన్న సంగతి అనువాద శాఖ విద్యార్థులు గమనింపదగినది. అనువాదకుడు తన శ్రమ ఎక్కడ మొలకెత్తునో ఎన్నడును ఎరుగడు.

ఈ గీతములో స్వరము మారుట బహు స్వల్పము. ఒకే ఆధారస్వరముపై బేస్ గిటారు చిన్న వరుసను తిప్పి తిప్పి వాయిస్తుంది. మన కచేరీలలో తంబుర శ్రుతి వలె అది ఎడతెగక ఉంటుంది. మేసన్ కఱ్ఱపుల్లలు విడిచి, మెత్తని గుండు కట్టిన పుల్లలతో డ్రమ్ములను మ్రోగించినాడు. రైట్ ఆర్గన్, వైబ్రాఫోన్ దూరముగా వినబడుతాయి. వాటర్స్ గొంతు గుసగుసను మించదు. మొదటి రికార్డులో పాటను నడిపినది మలుపు, ఇక్కడ నడిపినది నిలుకడ. ఈ నిలుకడయే తరువాతి సంవత్సరములలో పింక్ ఫ్లాయిడ్ ముద్ర అయినది.

శీర్షికా ఖండము

రికార్డుకు పేరిచ్చిన ఖండము దాదాపు 12 నిమిషముల వాద్యరచన. దీనిలో మాటలు లేవు. వాటర్స్, రైట్, మేసన్, గిల్మోర్ నలుగురి పేర రచన ప్రకటించబడినది. దీనిని నిర్మించిన విధము విద్యార్థులకు ఆసక్తికరము. వాటర్స్, మేసన్ ఇద్దరు భవన నిర్మాణము చదివినవారని పైన చెప్పినాము గదా. వారు స్వరలిపి వ్రాయలేదు. కాగితముపై ఎత్తుపల్లముల గీతలు గీసి, ఇక్కడ ఉద్రిక్తత పెరుగవలెను, ఇక్కడ పగులవలెను, ఇక్కడ శాంతించవలెను అని పటము వేసుకున్నారు. భవనమునకు నకలు గీసినట్లే పాటకును గీసినారు.

ఖండములో నాలుగు భాగములు ఉన్నవి. మొదటి భాగములో సింబల్ తాళముల మ్రోతలు, ఆర్గన్ నీడలు. ఏమి జరుగనున్నదో తెలియని భయము. రెండవ భాగములో మేసన్ డ్రమ్ముల వరుసను టేపుపై చుట్టుగా అతికించి, ఆగకుండా తిరుగునట్లు చేశారు. దానిపై రైట్ పియానోను పిడికిళ్ళతో గుద్దినాడు. గిల్మోర్ గిటారును నేలపై పరుండబెట్టి, మైకు స్టాండు నుండి ఊడదీసిన ఇనుప కాలును తీగలపై అటునిటు జరిపినాడు. మూడవ భాగములో తుఫాను వెలిసినట్లుండును. నాల్గవ భాగములో ఆర్గన్ మెల్లగా మేల్కొంటుంది. దానిపై మాటలు లేని గొంతులు కలుస్తాయి. ఒక యుద్ధము, యుద్ధము తరువాత మృతుల కొరకు విలాపము అను భావముతో దీనిని కట్టినారని సభ్యులే తరువాత వివరించినారు.

నిర్మాత నార్మన్ స్మిత్‌కు ఇది నచ్చలేదు. మూడు నిమిషముల పాట చేయుటలో ఆరితేరిన వానికి ఇది పాటగా తోచకపోవుట వింత కాదు. అయినను అడ్డు చెప్పక చేయనిచ్చినాడు. ఇష్టము లేనిదానిని ఆపగల అధికారముండియు ఆపకుండుట కూడా గురువు చేయగల గొప్ప సహాయమే.

ఈ ఖండములోనే ధ్వనిపరిణామ రహస్యమున్నదని మా అభిప్రాయము. నలుగురికి కవి లేడు. బారెట్ వలె మాటలు చెప్పగలవాడు వారిలో అప్పటికి లేడు. అందుచేత మాటను విడిచి, తమ చేత ఉన్నదానిని పట్టుకున్నారు. ఇద్దరికి నిర్మాణ విద్య, ఒకరికి మీటలపై నేర్పు, ఒకరికి గిటారుపై నిదానము. లోటును దాచలేదు, లోటు చుట్టును కట్టడము కట్టినారు. ‘సీ-సా’, ‘కార్పోరల్ క్లెగ్’ పాటలలో పోయినవానిని అనుకరించి ఓడిపోయినారు. శీర్షికా ఖండములో అనుకరణ మాని గెలిచినారు.

చివరి గీతము

రికార్డు చివర ‘జగ్‌బ్యాండ్ బ్లూస్’ ఉన్నది. రికార్డు మొత్తములో బారెట్ వ్రాసినది ఇదొక్కటే. 1967 అక్టోబరులో చేసినది. సాల్వేషన్ ఆర్మీ వారి ఇత్తడి వాద్యముల బృందమును పిలిపించి, వారి ఇష్టము వచ్చినట్లు వాయింపుమని బారెట్ కోరినాడు. నార్మన్ స్మిత్ మాత్రము వ్రాసిన వరుస ప్రకారము వాయించవలెనన్నాడు. పాటలో ఇద్దరి మాటలకును చోటు దొరికినట్లు వినబడుతుంది. క్రమము, అక్రమము ప్రక్కప్రక్కనే నడుస్తాయి. తరువాత అంతయు తెగిపోయి, ఒక్క గిటారు, ఒక్క గొంతు మిగులుతాయి.

ఆ పాటలోని భావమును స్థూలముగా చెప్పుదుము. తాను ఇక్కడ లేనని తెలియజేసినందుకు ఎదుటివారికి ఎంతో మర్యాదగా కృతజ్ఞత చెప్పుకొనే మనిషి మాట అది. చెదిరినవానికి ఏమియు తెలియదని అనుకొనువారు ఈ పాట వినవలెను. తనను గూర్చి ఇతరులు ఏమి నిర్ణయించుచున్నారో అతనికి వారికంటె ముందే తెలిసినది. మిత్రులు ఆ పాటను త్రోసివేయక రికార్డు చివర నిలిపినారు. బండి ఆపనివారు రికార్డులో మాత్రము అతనికి కడపటి మాట ఇచ్చినారు. ఇది ప్రాయశ్చిత్తమో, అమ్మకము కొరకు చేసిన ఏర్పాటో నిర్ణయించుట మా పని కాదు. ఫలితము మాత్రము వినువారి ఎదుట ఉన్నది.

ముఖపత్రము కూడా చెప్పదగినదే. ఇది హిప్నోసిస్ అను చిత్రకారుల సంస్థ వారికి చేసిన మొదటి ముఖపత్రము. ఆ సంస్థ స్థాపకులలో ఒకడైన స్టార్మ్ థోర్గర్సన్ కేంబ్రిడ్జి నాటి మిత్రుడే. అనేక చిత్రములను ఒకదానిపై ఒకటి పొరలుగా వేసి, నడుమ చిన్న వృత్తములో బృందమును ఉంచినారు. ధ్వనిలో వచ్చిన పొరలే చిత్రములోను కనబడుతాయి.

తరువాతి మార్గము

ఈ విత్తనము ఎట్లు పెరిగినదో క్లుప్తముగా చూతము. 1969లో వచ్చిన ‘ఉమ్మగుమ్మా’లో కచేరీ భాగమునకు తీసుకున్న నాలుగు ఖండములలో రెండు ఈ రికార్డులోనివే. 1970లో వచ్చిన ‘ఆటమ్ హార్ట్ మదర్’లో ఒక ప్రక్క అంతయు ఒకే రచన. అది బ్రిటన్ పట్టికలో మొదటి స్థానము పొందినది. 1971 అక్టోబరులో ఇటలీలోని పాంపే శిథిల రంగస్థలములో ప్రేక్షకులు లేకుండ చిత్రీకరించిన సినిమాలో శీర్షికా ఖండమును వాయించినారు. అదే సంవత్సరము ‘మెడిల్’ రికార్డులో 23 నిమిషముల ‘ఎకోస్’ వచ్చినది. అందులో నిలుకడ, విస్తీర్ణము, మాట మూడును కుదిరినవి. 1973 మార్చిలో వచ్చిన ‘ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్’ అమెరికా పట్టికలో 1988 వరకు మొత్తము 741 వారములు కనబడినది. మతి చెదరుట ఆ రికార్డులోని ముఖ్య విషయములలో ఒకటి. పోయిన మిత్రుడు విషయమై తిరిగి వచ్చినాడు.

ఇక 1975 జూన్ 5. ఆబీ రోడ్డు స్టూడియోలో ‘విష్ యు వర్ హియర్’ రికార్డు పని జరుగుచున్నది. బారెట్‌ను తలచుకొని కట్టిన ‘షైన్ ఆన్ యు క్రేజీ డైమండ్’ మీద ఆ దినములలో పనిచేస్తున్నారు. తలయు కనుబొమ్మలు గొరిగించుకొన్న ఒక స్థూలకాయుడు స్టూడియోలోనికి వచ్చి నిలబడినాడు. ఎవడో అనుకున్నారు. కొంతసేపటికి గాని అతడు బారెట్ అని తెలియలేదు. తెలిసినప్పుడు వాటర్స్ కన్నీరు పెట్టుకున్నాడు. పాటలో ఏడు సంవత్సరములుగా వెదకుచున్నవాడు ఎదుట నిలిచినా గుర్తింపలేకపోయినారు.

నిజము చెప్పవలెనంటే వారు అతనిని పూర్తిగా వదలలేదు. 1970లో బారెట్ ఒంటరిగా చేసిన రెండు రికార్డులకు గిల్మోర్ తోడ్పడినాడు. మొదటిదానికి వాటర్స్, రెండవదానికి రైట్ సహాయము చేశారు. బారెట్ కేంబ్రిడ్జికి తిరిగిపోయి, బొమ్మలు వేసుకుంటూ, తోటపని చేసుకుంటూ జీవించినాడు. 2005 జూలై 2న లండనులో నలుగురు చాలాకాలము తరువాత ఒకే వేదిక ఎక్కినప్పుడు వాటర్స్ అతనిని పేరు పెట్టి తలచుకున్నాడు. 2006 జూలై 7న బారెట్ 60వ యేట మరణించినాడు. 2018లో మేసన్ క్రొత్త బృందము కట్టి, తొలినాటి పాటలను తిరిగి వినిపించసాగినాడు. ఆ బృందమునకు పెట్టిన పేరు ఈ రెండవ రికార్డు పేరే.

ఉపసంహారము

ఇప్పుడు మా విద్యార్థి ప్రశ్నకు రావలసి ఉన్నది. ఆ ప్రశ్న అడిగినప్పుడు అతని మనస్సులో ఎవరున్నారో మాకు తెలియకపోలేదు. రెండు సంవత్సరముల క్రిందట మా విభాగపు గోడపత్రికను తీర్చిదిద్దిన విద్యార్థి ఒకడుండెను. శీర్షికలు అతనివే, చేతివ్రాత అతనిదే, నెలకు రెండు పద్యములు అతనివే. ఒకానొక నెలలో పద్యము రాలేదు. తరువాత అతడే రాలేదు. మూడు సంచికలు చూచి, సంపాదకవర్గము నుండి అతని పేరు తొలగించినాము. మేమే తొలగించినాము. గోడపత్రిక ఆగలేదు. నిజమునకు మునుపటికంటె బాగుగా వచ్చినది. అంతవరకు వ్రాయనివారు నలుగురు వ్రాయసాగినారు. అందుకు సంతోషించినాము కూడా. నాలుగు నెలల తరువాత గాని అతని ఇంటికి పోవలెనని మాకు తోచలేదు. ఇల్లు కళాశాలకు రెండు ఫర్లాంగుల దూరము. తలుపు తీసిన అతని తల్లి, “వస్తారని ఇన్నాళ్ళు చూచినాడు సార్” అన్నది.

పాట సాగవలెనా అంటే సాగవలెను. ఈ విషయములో మాకు సందేహము లేదు. నలుగురు నిలిచిపోయి ఉంటే బారెట్ కోలుకొనునని చెప్పలేము, లోకమునకు ‘ఎకోస్’ లేకుండా పోవుటయే మిగిలేది. పోయినవాని గొంతును అరువు తెచ్చుకొని నడుచుట కూడా మార్గము కాదు. ఎవరి చేత ఏమున్నదో దానితో క్రొత్త గొంతు కట్టుకొనవలెను. ఇది శైలిని గూర్చిన పాఠము. కాని బండి ఆగకపోవుట శైలికి అవసరమైనది కాదు. సౌతాంప్టన్ పోవునప్పుడు అయిదు నిమిషములు ఆగి, తలుపు తట్టి, నేడు నీవు రావద్దు, మేము వాయించి వస్తాము, రేపు వచ్చి కలుస్తాము అని చెప్పి ఉంటే, రికార్డులో ఒక్క స్వరమైనను మారేది కాదు. మారవలసినది మరియొకటి మారేది.

అందుచేత కమిటీ పెద్దలకు ఒక విన్నపము. కళాశాలలో ఏ సంఘము పట్టిక నుండి గాని, ఏ తరగతి హాజరు పట్టీ నుండి గాని ఒక పేరు కొట్టివేయుటకు ముందు, ఒక అధ్యాపకుడు, ఒక సహవిద్యార్థి కలిసి ఆ ఇంటికి ఒక్కసారి వెళ్ళి రావలెనను నియమము ఏర్పరచవలెను. దీనికి ఖర్చు లేదు. ఒక సాయంకాలము చాలును.

విద్యార్థులకు ఒక సూచన. ఈ రికార్డును మొదటినుండి చివరివరకు వరుసగా, నడుమ ఆపకుండా వినుడు. శీర్షికా ఖండములో నలుగురు కట్టిన కట్టడమును మెచ్చుకొనుడు. చివరి గీతము వచ్చునప్పటికి మాత్రము లేచి పోవద్దు. ఆ మాట చెప్పినవాడు అప్పటికి ఇంకను వారి మధ్యనే ఉన్నాడు.

మా గోడపత్రిక సంపాదకవర్గములో ఒక పేరు మరల చేర్చినాము. అతడు వ్రాయునో లేదో మాకు తెలియదు. పోయిన శుక్రవారము నమాజు తరువాత వచ్చి, బోర్డు ఎదుట కొంతసేపు నిలబడి, ఒక అక్షరదోషము చూపి వెళ్ళినాడు. దానిని దిద్దినాము.